మూసుకోని గీత

పరిశోధనశాలలో ఆమెను అందరూ గీతలమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. పల్చటి ప్లాస్టిక్ గిన్నెల్లో క్యాన్సరు కణాలను పెంచడం, అవి అడుగంతా పరుచుకున్నాక సన్నని మొనతో మధ్యలో ఒక గీత గీయడం ఆమె పని. గీసిన చోట కణాలుండవు. రెండు ఒడ్డుల నుంచీ కణాలు పాక్కుంటూ వచ్చి ఎంత మేర ఆక్రమించాయో మర్నాడు మైక్రోస్కోపులో చూస్తారు. మీద ఒలకబోసుకోకుండా టీ తాగడం చేతకాదు గాని, గీత గీసిందంటే వెంట్రుకవాసి వంకర ఉండదు.

మొండి రకం రొమ్ము క్యాన్సరు కణాలైతే తెల్లారేసరికి గీతను మింగేస్తాయి. కణం రెండుగా చీలాలంటే అందుకొక ఎంజైము ఉంది. మామూలు కణాల్లో అది పని పడినప్పుడు లేచి, పనయ్యాక పడుకుంటుంది. ఈ కణాల్లో దానికి నిద్రే లేదు. చీల్చడంతో ఊరుకోక, పక్క కణాలతో ఉన్న పట్టు వదిలించి వాటిని ఒళ్లంతా తిరగమని తోలుతుంది. దాన్ని అణిచే మందును, ఆ పరిశోధన నడిపే పెద్ద మేడమ్ గిన్నెలో వేయించిన మర్నాడు, గీత గీసింది గీసినట్టే ఉంది.

ఆ సాయంత్రం గీతలమ్మ కాలు నేలమీద నిలవలేదు. ఇంట్లో అక్క ఉంది, తల్లి పోయాక తనను పెంచిన అక్క. ఆవిడకు వచ్చిందీ ఆ మొండి రకమే.

"అక్కా, గీత మూసుకోలేదే! మందు పడగానే ఎక్కడివక్కడ ఆగిపోయాయి!"

"అయితే నాకెప్పుడు తెస్తావ్?"

"తెస్తాలే."

అంత తేలిగ్గా అనేసింది. మంచం మీదున్న మనిషి ఆశగా అడిగితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

అక్క మాత్రం ఆ మాటనే పట్టుకుంది. ఆస్పత్రిలో ఎక్కించే మందంటే ఆవిడకు హడల్. వాంతులు, నోటిపూత. చెల్లెలు అసలు మందు తెస్తుంటే ఇంకా ఈ నరకమెందుకు అనుకుంది. ఆస్పత్రికని బయల్దేరడం, బస్టాపులో కూర్చోవడం, పొద్దు వాలాక ఇల్లు చేరడం. వాంతులు తగ్గాయని చెల్లెలు తెగ మురిసిపోయింది. జుట్టు మొలుస్తోందని అద్దం తెచ్చి చూపించింది కూడా! కణం ఇసుమంత జరిగినా పసిగట్టే కళ్లు ఆ రోజుల్లో ఏం చేస్తున్నాయో.

దగ్గు మొదలయ్యాక బయటపడింది. ఊపిరితిత్తులకు పాకిందన్నాడు డాక్టరు. "మధ్యలో ఎందుకు మానేశారమ్మా?" అని ఆయన అడిగితే, అక్క చెల్లెలి వైపు చూపించి, "ఇది అసలు మందు తెస్తానంది" అంది. గీతలమ్మ తిన్నగా పెద్ద మేడమ్ గదికి పోయి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"ఒక్క సీసా ఇవ్వండి మేడమ్. ఏమైనా మిమ్మల్ని అనను."

"అది గిన్నెలో పనిచేసిందమ్మా, మనిషిలో కాదు. రక్తంలో, పేగుల్లో మంచి కణాలు కూడా ఆ ఎంజైముతోనే చీలాలి. వాటిని వదిలేసి దీన్నొక్కదాన్నే ఎలా ఆపాలో నాకింకా తెలీదు. ఇస్తే నా చేత్తో నేను చంపినట్టే."

ఇంటికొచ్చేసరికి అక్క దిండుకు ఆనుకుని గుమ్మం వైపే చూస్తోంది.

"తెచ్చావా?"

"అది మందు కాదక్కా. ఇంకా కాలేదు. నేనే తొందరపడి వాగాను." చెప్పి నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దగ్గు తెర ఆగాక, చెల్లెలి తలమీద చెయ్యి వేసి మెల్లిగా అడిగింది.

"పోన్లే, ఏడవకే. నేను ఎగ్గొట్టినవన్నీ మళ్లీ మొదట్నుంచి ఎక్కిస్తే పోతుందిగా? రేపు వెళ్దాం. వాంతులైనా ఓర్చుకుంటాను. తగ్గుతుందిగా?"

మందు పడని గిన్నెలో తెల్లారేసరికి గీత ఏమవుతుందో గీతలమ్మకు తెలుసు. అయినా ఆ నోరు ఈసారీ ఊరుకోలేదు.

"తగ్గుతుందక్కా," అంది.