నూరు అడుగులు

గట్టయ్య మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివాక మీకు అతని మీద కోపం వస్తుంది. నాకైతే ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

గోదావరిఖనిలో మా ఇద్దరిదీ ఒకటే బొగ్గుబావి, ఒకటే పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం. గట్టయ్య కుర్రతనం నుంచీ బావి మనిషే. నడుమ కొన్నేళ్లు మిలిటరీకి పోయి, అరవై ఐదు యుద్ధంలో ఎడమచేతి మూడు వేళ్లు పోగొట్టుకొని తిరిగొచ్చాడు. వేళ్ల సంగతి అడిగితే నవ్వి బీడీ ముట్టించేవాడు.

అరవై తొమ్మిదిలో పక్కింటి పోశవ్వ కొడుకు మొగిలి తానూ మిలిటరీలో చేరతానని పట్టుబట్టాడు. పోశవ్వకు మొగుడు లేడు, వాడొక్కడే కొడుకు. ఏడుస్తూ గట్టయ్య దగ్గరికి వచ్చింది.

"నీ మాటయితె ఇంటడు గట్టన్నా. వద్దని జెప్పు."

"పోయేటోడు ఎట్లయిన పోతడు పోశవ్వా. పానంతోని తిరిగొచ్చేటట్టు జేసే పూచీ నాది" అన్నాడు గట్టయ్య.

ఆ రోజు నా ముందరే మొగిలికి వేళ్ల సంగతి చెప్పాడు. బావిలో మా పద్ధతి అందరికీ తెలిసిందే. ఒకడు కూలిన కప్పు కింద పడితే మిగతావాళ్లం వెనక్కి ఉరుకుతాం. వాణ్ని తియ్యందే ఎవడూ పైకి రాడు. యుద్ధంలో గట్టయ్య అదే చేశాడు. బాంబు పడి తోటివాడు మట్టిలో పూడుకుపోతే, ముందుకు పొమ్మన్న హుకుం వదిలేసి వెనక్కి ఉరికాడు. అతన్ని చూసి ఇంకో ఇద్దరు ఉరికారు. పూడుకుపోయినవాడు దక్కలేదు, ఆ ఇద్దరూ దక్కలేదు. గట్టయ్యకు పోయింది మూడు వేళ్లే.

"బాయి బుద్ధి ఆడ పనికిరాదు బిడ్డా. ఎవడు పిలిచినా తిరుగకు. నూరు అడుగులు లెక్కవెట్టుకుంట ముంగటికే పో. నూరైనంకనే తిరుగు."

చెప్పి ఊరుకున్నా బాగుండేది. రోజూ షిఫ్టు దిగాక మొగిలిని గోదావరి ఇసుకలోకి తీసుకుపోయేవాడు. వాణ్ని ముందు నడవమని, తాను వెనక పడిపోయి, "మొగిలీ! సస్తున్నరా!" అని కేకపెట్టేవాడు. వాడు తిరిగేవాడు. తిరిగితే వీపు మీద బరిగె దెబ్బ. మొదట్లో నాకు నవ్వొచ్చేది. పది రోజులకు నవ్వు పోయింది. ఆ కేక ఉత్తుత్తి కేకలా లేదు.

ఇరవయ్యో రోజున పోశవ్వను తీసుకొచ్చి పిలవమన్నాడు. ఆమె పిలిచింది. ఏడ్చి పిలిచింది. మొగిలి వెనక్కి చూడకుండా నడిచిపోయాడు. నూరయ్యాక తిరిగొచ్చి తల్లి ముందు నిలబడి నవ్వాడు.

"పాసయినవురా!" అన్నాడు గట్టయ్య. పోశవ్వ మాత్రం కొడుకును ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నాకు భయమేసింది. నోరు తెరవాల్సింది, తెరవలేదు.

మొగిలి డెబ్బై ఒకటి యుద్ధంలో ఉన్నాడు. ఒంటిమీద గీత పడకుండా బయటపడ్డాడు. రెండేళ్లకు, తల్లి ఒక్కతే ఉందని అర్జీ పెట్టుకొని ఇంటికొచ్చేశాడు. పోశవ్వ గట్టయ్య కాళ్ల మీద పడింది. గట్టయ్యే తిరిగి తిరిగి వాణ్ని మా జట్టులో పనికి పెట్టించాడు. దిమ్మె ఎలా నిలపాలో, కట్టెతో కప్పును తట్టి చప్పుడు ఎలా వినాలో నేర్పాడు. ఇసుకలో నేర్పింది మరిచిపొమ్మని మాత్రం చెప్పలేదు. నాకూ తోచలేదు.

డెబ్బై నాలుగు వానాకాలం. ఒకరోజు కప్పు నుంచి చిన్న చిన్న పెళ్లలు రాలాయి, దిమ్మెలు చిటపటమన్నాయి. "ఉరుకుండ్రి!" అని అరిచింది గట్టయ్యే. ముందు నేను, నడుమ మొగిలి, వెనక గట్టయ్య. ఒక దిమ్మె వాలి అతని కాళ్ల మీద పడింది.

"మొగిలీ! కాళ్లు ఇరుక్కున్నయ్ బిడ్డా!"

నేను వెనక్కి తిరిగాను. మొగిలి నాకు ఎదురొస్తున్నాడు. టోపీ దీపం వెలుగులో వాడి పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ని తలుచుకుంటున్నాడనుకున్నాను.

"తిరుగురా, గట్టయ్య కాకను గుంజుదాం!" అని రెక్క పట్టాను. విదిలించుకొని నడిచాడు. ఆ దిమ్మె లేపడానికి ఇద్దరు కావాలి. నేనొక్కణ్ణే పెనుగులాడాను. కప్పు దిగుతుంటే గట్టయ్యే నన్ను అవతలికి నెట్టేశాడు.

కూలిన కప్పు కింద నుంచి అతన్ని అందరం కలిసి తవ్వి తీశాం. దవాఖానలో రెండు రోజులు ఉన్నాడు. పోయే ముందు నన్ను పిలిచి, "రాజం, వాన్నేమనకు. చెప్పింది నేనే" అన్నాడు.

అయినా నా కోపం ఆగలేదు. గట్టయ్యను మట్టి చేసి వచ్చి, కట్టె పట్టుకొని పోశవ్వ ఇంటికి పోయాను. మొగిలి గడప మీద కూర్చున్నాడు.

"ఎందుకు తిరుగలేదురా?"

"తిరిగిన కాకా. నూరైనంక తిరిగిన. ఎనభై రెండు కాడ కప్పు గూలిన సప్పుడైంది. ఇంక పద్దెనిమిదే ఉండె."

కట్టె అక్కడే పడేసి ఇంటికొచ్చాను.