నీళ్లు తాకనియ్యని రెండు దినాలు

ఆ సోమారం పొద్దుగాల బస్సుకు ఆలస్యమైతుందని చిల్కానగర్‌ల అడ్డగల్లీల నుంచి పోతున్న. నాచారంల మందు గోళీలు ప్యాక్ జేసే కంపెనీల నా పని. గల్లీల నిలవెట్టిన డీసీఎం లారీ కింద కుక్క పిల్లలు పెట్టిన సంగతి నాకు తెల్వది. గుర్రుమనంగనే ఉరికిన. గదే నేను జేసిన మొదటి తప్పు. నాలుగు అడుగులు పడ్డయో లేదో, ఎనుకనుంచి వచ్చి పిక్క పట్టింది.

కుంటుకుంట ఇంటికొస్తే మా అత్త గాయం మీద కారంపొడి, సున్నం కలిపి అద్దింది. పాణం గిలగిల కొట్టుకుంది. "నీళ్లు మాత్రం తాకనియ్యకు బిడ్డా. కుక్క కరిసినకాడ నీళ్లు తాకితే విషం పొంగుతది" అన్నది. చిన్నప్పటిసంది నేను గూడ విన్న మాటే. కాలుకు పాలిథిన్ కవర్ కట్టుకొని తానం జేసిన. సూడున్రి నా తెలివి!

రెండు దినాలు గట్లనే డ్యూటీకి పోయిన. మూడోనాడు నా పక్కన పనిజేసే అనసూయక్క నేను కుంటుడు సూసి, చీర జర పైకి లేపింది. "ఓయమ్మో, ఏందే ఇది? పొద్దంత గోళీలు ప్యాక్ జేస్తవ్, నీకు దవాఖాన యాదికి రాలేదా?" అని తిట్టి, గేట్ పాస్ రాయించి సర్కారు దవాఖానకు గుంజుకపోయింది.

డాక్టరమ్మ ఆ కారం సూసి తలకాయ పట్టుకుంది. "కడిగినవా?"

"లేదు మేడం. నీళ్లు తాకనియ్యలే."

"నీళ్లే మొదటి మందమ్మా! పన్ను లోపలికి దిగి రక్తమొచ్చింది, కేటగిరీ త్రీ ఇది."

నర్సు నల్లా కింద నా కాలు పెట్టి సబ్బుతోని పావుగంట కడిగింది. ఏడ్సిన. మంటకు గాదు, ఇన్ని దినాలు కడగలేదన్న భయానికి. విషం ఎక్కకుండ గాయం సుట్టు ఇమ్యునోగ్లోబులిన్ సూది పొడిసిన్రు, భుజానికి ఏఆర్‌వీ, అంటే రేబిస్ టీకా, ఇచ్చిన్రు. ఇంక నాలుగు సూదుల తారీఖులు చీటీ మీద రాసి, "ఒక్కటి కూడా తప్పొద్దు. ఆ కుక్క బతికే ఉందా సూడండి, రోగముంటే పది రోజులల్ల చస్తది" అన్నది డాక్టరమ్మ.

పోయి సూస్తే డీసీఎం ఉంది. కుక్క లేదు, పిల్లలు లేవు.

గానాటిసంది అసలు భయం మొదలైంది. ఆ రేబిస్ రోగమొస్తే నీళ్లను సూస్తేనే బెదురుతరని విన్న. రోజు లేవంగనే గ్లాసుల నీళ్లు పోసి ముందల పెట్టుకొని సూసేదాన్ని. భయమైతుందా, లేదా? ఎట్ల తెలుస్తది? నాకు అప్పటికే అన్నిటికి భయమే.

మూడు సూదులైనంక ఒకనాడు జరమొచ్చింది. గొంతు పట్టేసింది, నీళ్లు దిగుతలేవు. "అయిపోయింది, నేను బతుక" అని మా ఆయనను పట్టుకొని ఏడ్సిన. ఆయన ఉరికి ఆటో పిలుసుకొచ్చిండు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. దారి పొడుగునా వాళ్లకు జడలు ఎవరేస్తరు అన్నదే నా రంది.

డాక్టరమ్మ టార్చ్ కొట్టి గొంతుల సూసింది. గ్లాసు నీళ్లు చేతికిచ్చింది. "తాగు."

పెదవులకు తాకంగనే గ్లాసు కిందికి దించిన.

"నొస్తే నొయ్యనీ. తాగు."

కండ్లు మూసుకొని మింగిన. కోసుకుంట లోపలికి దిగినయి. "తాగినవ్ కదా! ఇది టాన్సిల్స్ ఇన్‌ఫెక్షన్. ఆ జబ్బు కాదు. సూదులు మాత్రం ఆపకు" అని నవ్వింది. నేను గ్లాసు పట్టుకొని ఇంకో గ్లాసు అడిగిన.

సూదులన్నీ అయిపోయి ఏండ్లయింది. ఇప్పటికీ గల్లీల కుక్క కనబడితే భయమే. కానీ ఉరుక. ఆగుత. దాని కండ్లల్లకు సూడ, టిఫిన్ సంచి ముందలికి పట్టుకొని మెల్లగ ఎనుకకు జరుగుత. పిల్లలు పెట్టిన కుక్క ఉన్న గల్లీల అడుగే పెట్ట, బస్సు పోతే పోనీ.

మా అత్త, నేను ఆ కారం సంగతి ఎన్నడు మాట్లాడుకోలే. మొన్న పక్కింటామెను కుక్క కరిస్తే, ఆమె కారం డబ్బ కోసం లోపలికి పోతుంది. మా అత్త ఉరికిపోయి ఆమె రెక్క పట్టుకుంది. "ఆగు! చేతులార నా కోడలినే పోగొట్టుకుంటుంటి" అన్నది. ఆమె కాలు నల్లా కింద పెట్టి, సబ్బుబిళ్ల పట్టుకొని రుద్ద మొదలువెట్టింది. పావుగంట కడగాలె, ఎంటనే సూదికి పోవాలె అని నేను చెప్పేలోపే మా అత్తనే చెప్పింది. నడుమ నల్లా బందైతే నా దిక్కు సూసింది.

"చెంబు తే బిడ్డా. నీళ్లు పొయ్యి, ఇంక పొయ్యి."