మాష్టారిని బ్లాక్ చేసిన రోజు

2007వ సంవత్సరం. తెనాలిలో మాకు డి.టి.పి. సెంటర్ ఉండేది. ముందు గదిలో కూర్చుని నేను శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసేదాన్ని. వెనక గదిలో చెక్క పలకలతో అరలు కట్టించి, కంప్యూటర్లు పెట్టి, మావారు ఇంటర్నెట్ నడిపేవారు. అది మా బతుకుతెరువు. నేను చెప్పబోయేది మాత్రం దాని పక్కనే, జీతం లేకుండా చాలా ఏళ్ళు చేసిన ఇంకో పని గురించి.

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో తెలుగు కనపడటమే ఒక వింత. సగం కంప్యూటర్లలో అక్షరాల బదులు డబ్బాలు వచ్చేవి. అలాంటి కాలంలో ఎవరైనా వచ్చి రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటి తెలుగులో మొదలైంది. ఊళ్ళ గురించి, పంటల గురించి, పక్షుల గురించి తెలిసినవాళ్ళు తెలిసినంత రాసేవారు. నేను అందులో అడ్మిన్‌ని. అడ్మిన్ అంటే అధికారి అనుకునేరు. ఇల్లు ఊడ్చి తుడిచే పనిలాంటిది. పిచ్చిరాతలు చెరపడం, పోట్లాడుకునేవాళ్ళని విడదీయడం, అవసరమైతే ఒకరిని కొంతకాలం రాయనివ్వకుండా ఆపడం. ఆ ఆపడాన్నే బ్లాక్ అంటారు.

నన్ను ఇందులోకి దింపినవారు సుబ్బారావు మాష్టారు. బాపట్లలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఒకసారి ఏదో పుస్తకం అచ్చు పని మీద రైల్లో తెనాలి వచ్చి, మా సెంటర్లో నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నా వేళ్ళ వంక కాసేపు చూసి, "ఇంత బాగా కొడుతున్నావు, శుభలేఖలకేనా అమ్మాయ్?" అన్నారు. ఆ సాయంత్రమే నాకు ఖాతా తెరిపించారు. మొదటి వ్యాసంలో నేను చేసిన తప్పులన్నీ ఆయనే దిద్దారు. ఇంగ్లిష్‌లో ఉన్న నియమాలను కూర్చుని తెలుగు చేసింది కూడా ఆయనే. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మొదటి స్వాగతం ఆయన నుంచే అందేది. మా అందరికీ ఆయన పెద్దదిక్కు.

ఆయన పుట్టిన ఊరు రేపల్లె దగ్గర, కాలవ గట్టు మీద ఉంటుంది. ఊరి పేరు చెప్పను. ఆ ఊరి వ్యాసం ఆయన ప్రాణం పెట్టి రాశారు. అందులో ఒక వాక్యం ఉండేది: ఊళ్ళో బడిని స్థాపించినవారు మాష్టారి నాన్నగారు. ఆధారంగా ఆ కుటుంబం వేయించిన స్మారక సంచికను చూపించారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఒకరోజు "రేవు" అనే పేరుతో ఒక కొత్త సభ్యురాలు వచ్చి ఆ వాక్యం మార్చింది. బడి మొదట పెట్టింది మాష్టారి నాన్నగారు కాదు, ఆయన చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఆమె వసారాలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదువు చెప్పింది. అన్నగారు కట్టించింది ఆ తర్వాత వచ్చిన భవనాన్ని. ఇదీ ఆ మార్పు. ఆధారం ఏమీ ఇవ్వలేదు.

మాష్టారు దాన్ని రివర్ట్ చేశారు, అంటే పాత రాతనే మళ్ళీ నిలబెట్టారు. ఆమె మళ్ళీ మార్చింది. ఆయన మళ్ళీ తిప్పారు. ప్రతి వ్యాసానికి వెనక వాదించుకోవడానికి ఒక చర్చా పేజీ ఉంటుంది. అక్కడ ఆయన, "ముసుగేసుకుని రాసే పిరికివాళ్ళకు మా ఊరి సంగతి ఏం తెలుసు?" అని రాశారు. ఎదుటివారి రాతను విమర్శించవచ్చు గాని, రాసిన మనిషిని తూలనాడకూడదని మా మొదటి నియమం.

ఇంకో నియమం ఉంది. ఒకే పేజీని ఒకరోజులో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదు. ఆమె మూడు దగ్గర ఆగింది. మాష్టారు నాలుగోసారి తిప్పారు. ఫోన్ చేశాను.

"మాష్టారూ, నాలుగోది అయిందండి."

"అయింది. మళ్ళీ మారిస్తే అయిదోది కూడా అవుతుంది. అది మా నాన్న పేరమ్మా, వీధి పేరు కాదు."

"అలాగైతే బ్లాక్ చేయాల్సొస్తుందండి."

"ఎవర్ని? నన్నా?" ఆయన నవ్వారు. "ఆ నియమం తెలుగులో రాసిందెవరో తెలుసా నీకు?"

"మీరేనండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. తర్వాత, "అయితే చెయ్యి," అని ఫోన్ పెట్టేశారు.

చేశాను. ఒకరోజు నిరోధం. నాకు అక్షరాభ్యాసం చేసినంత మనిషి. కానీ నిన్నగాక మొన్న వచ్చినామెకు ఒక న్యాయం, మా పెద్దాయనకు ఒక న్యాయం అయితే ఇక ఆ ఇంట్లోకి కొత్తవాళ్ళు ఎందుకొస్తారు? ఆ వాక్యాన్ని కూడా ఎటూ కాకుండా తీసేసి, తేలేవరకు ఎవరూ మార్చడానికి లేకుండా పేజీకి తాళం వేశాను. సభ్యుల్లో కొందరు నన్ను మెచ్చుకున్నారు, కొందరు గురుద్రోహం అన్నారు. రెండూ సమానంగానే గుచ్చుకున్నాయి.

రెండు రోజులకు "రేవు" నుంచి మెయిల్ వచ్చింది. తనది రేపల్లె అని, వీలైతే ఒకసారి రమ్మని, ఇంటి గుర్తులు రాసింది. ఆ ఆదివారం పొద్దున తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. కిటికీకి అటూ ఇటూ ఊడ్పులు అయిన పచ్చని మళ్ళు. నా మనసు మాత్రం వాటి మీద లేదు.

తలుపు తీసినావిడకు డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నారు. పేరు సుశీలమ్మ గారు, హిందీ టీచరుగా చేసి రిటైరయ్యారు. బ్యాంకులో పనిచేసే కూతురి దగ్గర ఉంటున్నారు. ఆ కూతురి కంప్యూటర్ మీదే తెలుగు టైపింగ్ నేర్చుకున్నారట.

"రామ్మా. మా వాణ్ణి బ్లాక్ చేసింది నువ్వేనా?" అన్నారు కాఫీ గ్లాసు అందిస్తూ.

"మీ వాడు అంటే..."

"సుబ్బారావు నా తమ్ముడు."

గ్లాసు పక్కన పెట్టేశాను. ఆవిడ చెప్పుకుపోయారు. "వాడు మంచివాడేనమ్మా. కానీ నేనేం చెప్పినా 'నీకు తెలీదు, ఊరుకో అక్కా' అంటాడు. మొన్న సంచిక వేసినప్పుడూ చెప్పా, అత్తయ్య పేరు వెయ్యండ్రా అని. వినలేదు. వాడు పుట్టేసరికి వసారా బడి ఆఖరికి వచ్చింది. వాడికి బుద్ధి తెలిసేసరికి భవనం లేచింది, అత్తయ్యా పోయింది. మీ దాంట్లో అయితే ఊరుకోమనడానికి లేదు కదా. ఎవరు రాసినా జవాబు చెప్పి తీరాలి. అందుకని పేరు లేకుండా వచ్చాను."

నాకు ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందో, చెప్పాల్సిన మాట అంత కష్టమైంది. "అమ్మా, మీరు రాసింది నిజమే అయి ఉంటుందండి. కానీ అచ్చులో ఎక్కడా లేనిది మేం ఉంచలేం. పైగా మీరు ఆ ఇంటి మనిషి. మాష్టారూ ఆ ఇంటి మనిషే, ఆయన చూపించింది కూడా ఇంట్లో వేసుకున్న సంచికే. అందుకే రెండూ తీసేశాను."

"అంటే మా అత్తయ్య లేనట్టేనా?"

"ఉన్నట్టేనండి. మనం రాయడానికి లేదు, అంతే."

"ఎవరో ఒకరు ముందే రాసుండాలన్నమాట. ఆ రోజుల్లో, మొగుడు పోయి పుట్టింట్లో పడున్న ఆడదాని గురించి ఎవరు రాస్తారమ్మా?"

చివరికి ఒకటే చెప్పగలిగాను: చర్చా పేజీలో జ్ఞాపకాలు చెప్పుకోవడానికి అడ్డులేదు, అక్కడ రాయండి, ఎవరో ఒకరు చదువుతారు అని. బయల్దేరుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నేనెవరో వాడికి చెప్పకు." చెప్పనన్నాను. అది ఆవిడ కోసం ఇచ్చిన మాటే కాదు, మా నియమం కూడా. సభ్యులు తామెవరో తాము చెప్పుకోవాలి గాని ఇంకొకరు బయటపెట్టకూడదు.

ఆవిడ రాశారు. వసారాలో ఇసక పోసి ఓనమాలు దిద్దించడం, వాన జల్లు కొడితే బడి అంతా వంటింట్లోకి మారడం, గంజి వార్చే వాసనలో ఎక్కాలు అప్పజెప్పడం. "పదమూడో ఎక్కంలో తప్పితే ఒక శిక్ష ఉండేది. ఉయ్యాల్లో ఉన్న ఆమె మేనల్లుణ్ణి చంకనేసుకుని, ఎక్కం మొదటినుంచి చెప్పాలి. పిల్లాడు బరువు. పైగా ఏడుపొకటి."

బ్లాక్ గడువు ఎప్పుడో తీరినా మాష్టారు ఒక్క అక్షరం రాయలేదు. ఆయన ఇక రారేమోనని నాకు దిగులు పట్టుకుంది. అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అమ్మాయ్, ఆ రాసేది మా అక్కేనా?"

"చెప్పకూడదండి."

"పదమూడో ఎక్కం తప్పేది మా ఇంట్లో మా అక్క ఒక్కతే. ఇప్పటికీ రాదు. పైగా ఈ మధ్య సాయంత్రం ఎప్పుడు ఫోన్ చేసినా ఎంగేజ్. ఎవరితో ఇంత సేపు మాట్లాడుతుందా అనుకున్నా." అప్పట్లో ఇంటర్నెట్ టెలిఫోన్ తీగ మీదే వచ్చేది. నెట్‌లో ఉన్నంతసేపూ ఫోన్ పలికేది కాదు. "అవునో కాదో చెప్పు చాలు."

"మాష్టారూ, ఆ నియమం కూడా మీరే తెలుగు చేశారండి."

ఈసారి ఆయన ఫోన్ పెట్టేయలేదు. "బాగానే చేశాను," అన్నారు.

మర్నాడు ఆయన బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళారట. అక్కడ జరిగింది తర్వాత సుశీలమ్మ గారే నాకు చెప్పారు. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విడవకుండా, "అక్కా, పదమూడెనిమిదులు?" అన్నారట. ఆవిడ బిత్తరపోయి, "నూట... ఉండరా," అన్నారట. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో తెలియలేదట. "ఆ చంకలో పిల్లాణ్ణి నేనేనా అక్కా? నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నారట. "ఎన్నిసార్లు చెప్పాన్రా. నువ్వు చదవడమే గాని వినవు కదా."

రెండు రోజుల తర్వాత మాష్టారు చర్చా పేజీలో రాశారు. అక్క అని రాయలేదు. ఆవిడ ముసుగును ఆవిడకే వదిలేశారు. "రేవు గారికి నమస్కారం. మిమ్మల్ని పిరికివారన్నాను, తప్పయింది, మన్నించండి. మా నాన్నగారి గురించిన వాక్యం తీసేసినందుకు నాకు అభ్యంతరం లేదు. వేరేవాళ్ళు రాసిన ఆధారం దొరికేవరకు ఆ చోటు ఖాళీగా ఉండటమే మర్యాద." నేను తాళం తీశాను. వ్యాసంలో చివరికి మిగిలింది ఇంతే: గ్రామంలో ఉన్నత పాఠశాల ఉంది.

రెండేళ్ళు ఆ వాక్యం అలాగే ఉంది. ఈలోగా మాష్టారూ సుశీలమ్మ గారూ కలిసి ఎన్ని వ్యాసాలు రాశారో! పక్కపక్క వాక్యాల మీద కూడా తగువే. కామా దగ్గర తగువు, అరసున్న దగ్గర తగువు. అంతా చర్చా పేజీలోనే, "గారు" తగిలించుకుని మరీ. చదువుతుంటే మాకు నవ్వాగేది కాదు.

2009లో ఒక స్థానిక పత్రిక వాళ్ళు ఆ చుట్టుపక్కల పాత బడుల గురించి వ్యాసాలు వేశారు. ఆ ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళను వాళ్ళంతట వాళ్ళే వెతికి అడిగారు. వసారా బడి వచ్చింది, అత్తయ్య పేరు వచ్చింది, ఆ తర్వాత అన్నగారు కట్టించిన భవనమూ వచ్చింది. పత్రిక నా చేతికందిన పూటే మాష్టారు రేపల్లె నుంచి ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నువ్వే ఎక్కించు. మేమిద్దరం సొంతవాళ్ళం, మేం ముట్టుకోకూడదు."

నియమాలున్నది తగవులు ఆపడానికని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ కేసు తర్వాత నా అభిప్రాయం మారింది. తగవు రానివ్వొచ్చు. ఎంత పెద్దవాళ్ళయినా ఎదుటివారు రాసింది పూర్తిగా చదివాకే బదులిచ్చేలా కూర్చోబెట్టగలిగితే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. ఆ తర్వాత ఎన్ని తగాదాలు తీర్చినా నేను చేసింది ఈ ఒక్క పనే.

ఆ పూట ఫోన్ చెవికి ఆనించుకునే బడి వాక్యం టైపు చేసి, చదివి వినిపించాను. అటువైపు ఫోన్ చేతులు మారింది. సుశీలమ్మ గారి గొంతు.

"ఒక్క వాక్యమేనా అమ్మా?"

"ఒక్కటేనండి."

"చాల్లే. చివర నంబరు వేశావా, ఎక్కడ్నుంచి తీసుకున్నదీ తెలిసేట్టు?"

"వేశానండి."

"అయితే ఇక ఎవరూ తియ్యలేరు," అన్నారావిడ.