ముగ్గురం చెప్పిన మూడు మాటలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫిజియోథెరపీ చేసేవాళ్లకు ఓపిక ఉండాలంటారు. నా ఓపికంతా రోగుల దగ్గరే ఖర్చయిపోతుంది, తోటివాళ్లకు మిగలదు.

ఆ ఏడు మా వార్డుకు పక్షవాతంతో ఒక తాతగారు వచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ, ఈ దీవుల్లో స్థిరపడ్డ చేపలవాళ్లు. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట మాత్రం నిలిచింది. చాతం రేవులో ఫెర్రీ ఎక్కి అవతల దిగితే గుట్ట మీద ఆయన ఇల్లు. మెట్లెక్కగలిగితే ఆ ఇంటికి, లేకపోతే చక్రాల కుర్చీలో డాలీగంజ్‌లో కూతురి అద్దె గదికి. సోమవారం డాక్టరుగారు చూసి తేల్చేస్తారు.

నా గదిలో ఆయన కర్ర పట్టుకుని బాగానే నడిచేవారు. శనివారం వార్డు పుస్తకం తిరగేస్తే ‘మంచం దిగడం లేదు’ అని రాసి ఉంది. డాక్టరుగారు ముందు చూసేది ఆ పుస్తకమే. ఒళ్లు మండి, రాసిన నర్సును వార్డులోనే నిలదీశాను.

“రోజూ నడిపిస్తున్నాను. మీరు కళ్లు మూసుకుని రాస్తున్నారా?”

“నా డ్యూటీలో ఆయన దిగగా నేను చూళ్లేదు మేడం. చూడంది ఎలా రాసేది?”

మంచం పక్కన దుప్పటి మడతపెడుతున్న మామ్మగారు, తాతగారి భార్య, మా ఇద్దరినీ ఆపింది.

“మీరేమో నడవమంటారు. ఈ నర్సు దీదీ ఏమో పడిపోతావు, దిగొద్దంటాది. నేనేమో కదలకు మావా, అన్నీ నేను సేస్తానంటాను. ఈయనకి ఎవులేటి సెప్పినా ఠీక్ హై. పడవ నడిపే సరంగు మాట కాదనకూడదు కదమ్మా. ఇక్కడ ముగ్గురు సరంగులు.”

“ఆడకూతుర్లు సెప్పినాక కాదంటే బాగోదు కదా” అన్నారు తాతగారు, తలొంచుకుని.

నాకు సిగ్గేసింది. పక్కన ఒకరుంటే ఆయన నడవగలరని నర్సుకు ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఏడాదిగా ఒకే అంతస్తులో పనిచేస్తూ “టీ తాగారా” దాటి ఆ అమ్మాయితో మాట్లాడిన పాపాన పోలేదు. ఇకమీదట మామ్మగారే సరంగు అని అప్పటికప్పుడే అనుకున్నాం. నేను ఆవిడకు నేర్పాలి, నర్సు తోడు నిలబడాలి, ఆయనతో మాత్రం ఆవిడే చెప్పాలి. ఆదివారం నర్సుకు సెలవు. అయినా డైరీ ఫార్మ్ పేట చర్చి నుంచి, తెలుగు ఆరాధన అవగానే, చర్చి చీరలోనే వచ్చేసింది. ఆ పిల్లంటే నాకు అప్పుడు మొదలైన ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

సోమవారం డాక్టరుగారు మెట్ల దగ్గర నిలబడి “ఎక్కండి” అన్నారు. తాతగారు కదల్లేదు. డాక్టరుగారు కాగితం మీద పెన్ను పెట్టారు. నా నాలుక దురద పెట్టింది. నర్సు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తాతగారు మామ్మగారి వైపే చూస్తున్నారు. డాక్టర్ల ముందు ఏనాడూ నోరు విప్పని మనిషి ఆవిడ. పెదాలు తడుపుకుంది.

“ఎడం కాలు ముందెయ్యి మావా. ఇప్పుడు కర్ర. ఇంక కుడిది తెచ్చుకో.”

ఆయన ఎక్కారు. ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ, ఆవిడ చెప్పిందే చేస్తూ పైదాకా వెళ్లారు. అక్కడ ఆయాసపడుతూ, డాక్టరుగారిని కాదు, ఆవిడనే అడిగారు.

“మరింక ఇంటికేనేటే?”

“ఇంటికే మావా” అంది ఆవిడ. ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది.