చెల్లి పెళ్లికి కొన్న పంపు

నాన్న పోయిన రెండో ఏట మే నెలలో మా చెల్లి పెళ్లి కుదిరింది. నాన్న ఉంటే చర్చిలో దాని చెయ్యి పట్టుకుని ఆయనే పీఠం దాకా నడిపించేవారు. ఇప్పుడు ఆ పని నాది. "ఈ వధువును ఎవరు ఇస్తున్నారు?" అని పాస్టరుగారు అడిగితే "నేను" అనాలి. చెల్లి నన్ను కోరింది కూడా అదొక్కటే. కారు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాన్న కారులోనే దాన్ని చర్చికి తీసుకెళ్లాలన్న పంతం పూర్తిగా నాది.

ఆ కారు చిలకలగూడలో మా ఇంటి ముందు రెండేళ్లుగా దుప్పటి కప్పుకుని పడుంది. పాతకాలపు కార్బురేటర్ బండి. స్టార్ట్ చేస్తే సందు చివరిదాకా వెళ్లి, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయేది. నాన్న కాలం నుంచీ దాన్ని చూసే మెకానిక్ ఒకాయనకు రెజిమెంటల్ బజార్ వెనక సందులో షెడ్డు ఉండేది. ఆయన వచ్చి, ట్యాంకులోంచి పెట్రోలు లాగి కార్బురేటర్‌కు పంపే ఫ్యూయల్ పంపు పగిలిందని తేల్చాడు.

"గిది ఇగ పనికిరాదు సార్. కొత్తది తీస్కరండి" అన్నాడు.

తెమ్మనడానికేం, తేలికే. రాణీగంజ్‌ స్పేర్‌పార్టుల బజారులో నేనెక్కని దుకాణం లేదు. అందరూ కొత్త కార్లకు మారిపోతున్న రోజులవి. మా బండి పేరు చెప్పగానే కౌంటర్ వెనక మనుషులు నాకేదో జబ్బు చేసినట్టు జాలిగా చూసేవాళ్లు. చివరికి ఒకతను డబ్బా దుమ్ము దులిపి ఇచ్చాడు. "సేమ్ టు సేమ్ సార్, కండ్లు మూస్కొని పెట్టుకోండి." నిజంగానే కళ్లు మూసుకుని కొన్నాను. ఇంజన్ తిరుగుతుంటే పంపును ఆడించాల్సిన మీట అంగుళం పొట్టి. దానికి ఇంజన్ అందనే అందలేదు. వెనక్కి తీసుకెళ్తే అతను పంపును చూడకుండా నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఒక్కసారి ఫిట్టింగ్ చేసిన మాల్ వాపస్ తీస్కోం సార్." ఇంకో దుకాణంలో కొన్న రెండో పంపుకు మీట సరిపోయింది కానీ, పెట్రోలు వచ్చే దారీ పోయే దారీ తారుమారయ్యాయి. ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో సెలవులు అయిపోతున్నాయి. శుభలేఖలు పంచాల్సిన సాయంత్రాలన్నీ నేను నట్లూ బోల్టుల మధ్య గడిపాను. శుభలేఖలు అమ్మ ఒక్కతే ఆటోలో తిరిగి పంచింది.

అప్పుడే మెకానిక్ అసలు మాట చెప్పాడు. "నా మాట ఇనండి సార్. కరెంటు పంపు ఎనక ట్యాంకు కాడ పెడదాం. గీ పాత టైపు ఇంజన్‌కే అంటుకుని ఉంటది. ఎండల మెల్లగ పోతే అండ్ల పెట్రోలు ఉడికి ఆవిరైతది, బండి ఆగుతది. జెర సోచాయించండి."

"కరెంటు పంపు తోపుకు కార్బురేటర్ పొంగిపోతుంది" అన్నాను, ఎక్కడో విన్నది అప్పజెబుతూ.

"తక్కువ ప్రెషర్‌ది సుత దొరుకుతది సార్. నేను తెస్త."

ఆయన చెప్పింది నిజమే, నాకూ అర్థమైంది. కానీ నాన్న బండిలో వైర్లు తగిలించిన పరాయి పంపు ఉండడం నాకు ఇష్టం లేదు. ఆ మాట పైకి చెప్పలేక, వద్దంటే వద్దని విసుక్కున్నాను.

మూడోది పెళ్లికి మూడు రోజుల ముందు దొరికింది. రెజిమెంటల్ బజార్‌లోనే ఒక పాత దుకాణం అటకమీద, మైనం కాగితంలో చుట్టి ఉంది. పాత పంపు మీదున్న కంపెనీ ముద్రే దీనిమీదా ఉంది. నాకు కళ్లు చెమర్చాయి, అంత పిచ్చి. బిగించిన మర్నాడు సాయంత్రం మేడ్చల్ రోడ్డు మీద పది మైళ్లు పరిగెత్తించాను. ఒక్క దగ్గు లేదు. ఎలా ఉందన్నట్టు పక్కనున్న మెకానిక్ వైపు చూశాను.

"ఉరికితే గాలి తగుల్తది గద సార్" అన్నాడాయన మెల్లగా. తన మాట నెగ్గలేదని అక్కసు కాబోలు అనుకున్నాను.

సరిగ్గా అదే సాయంత్రం చర్చిలో పెళ్లి రిహార్సల్. నేను ఇంటికొచ్చేసరికి అందరూ తిరిగొచ్చేశారు.

"ఎందుకు రాలేదన్నయ్యా?" అంది చెల్లి.

"రేపు ఉంటాను కదా."

"కారు లేకపోయినా ఫర్వాలేదు. నువ్వుంటే చాలు."

మర్నాడు ఉదయం రిబ్బన్లు కట్టిన కారు బయల్దేరింది. నేను స్టీరింగ్ దగ్గర, అమ్మా చెల్లీ వెనక, ముందు మా మేనమామ మాట్లాడిన బ్యాండు. చర్చి మైలు దూరం కూడా లేదు కాబట్టి వాయించుకుంటూ నడిచే వెళ్దామన్నాడు మామయ్య. పెళ్లికూతురి కారు బ్యాండు వెనక నడుస్తుందని తెలియనివాళ్లు మా ఇంట్లో లేరు. అయినా మేడ్చల్ రోడ్డు మీద యాభైలో పరీక్షించిన నా బుర్రకు అది తట్టలేదు. మామయ్య ప్రతి మలుపులోనూ ఆపి ఇంకో పాట వాయించమన్నాడు. ఎండ నెత్తికెక్కింది. సగం దారిలో కారు దగ్గడం మొదలుపెట్టి నిలబడిపోయింది.

బానెట్ ఎత్తితే పంపు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. పక్క టీ కొట్లో నీళ్లడిగి, తడిగుడ్డ చుట్టాను.

"ఆటోలో వెళ్లిపోదాం, రా అన్నయ్యా" అని చెల్లి దిగి వచ్చింది. తెల్లచీర మీద చెమట మరకలు.

"రెండే నిమిషాలు" అన్నాను.

"పక్కకు తోసేసి రారా, కారెక్కడికి పోతుంది?" అన్నాడు మామయ్య. బ్యాండు పెట్టిందే నువ్వంటూ అంతమందిలో ఆయన మీద అరిచాను. చెల్లి అమ్మతో ఆటో ఎక్కింది. మీ వెనకే వచ్చేస్తానని చెప్పాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా.

పంపు చల్లారి బండి కదిలేసరికి అరగంట దాటింది. చర్చిలో అడుగుపెట్టేటప్పటికి పెళ్లికొడుకూ చెల్లీ రిజిస్టరులో సంతకాలు చేస్తున్నారు. పాస్టరుగారు ప్రశ్న అడిగి, గుమ్మం వైపు చూసి, మళ్లీ అడిగారట. అమ్మ లేచి "నేను" అందట. ఆ మాట ఎవరికీ సరిగా వినిపించలేదని వెనక బెంచీలో మామయ్య నాతో చెప్పాడు.

సంతకం పెట్టి చెల్లి తలెత్తింది. నన్ను చూడగానే దాని మొహం విప్పారింది.

"కారు వచ్చిందా అన్నయ్యా?" అంది.

ఆ మాటలో వెటకారమేమైనా ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. నా కోసం సంతోషపడుతూనే అడిగింది.