ఓబులేసు పట్టుకోకుండా పోయిన మెడల్

నిన్న పొద్దున్నే ఊరి నుంచి ఫోన్.

ఓబులేసు పోయాడు.

ఎవడ్రా ఆ మాట అనేది అని, ఫోన్ చేసినవాణ్ణే తిట్టాను. ముందురోజు సాయంత్రం నాతో పోట్లాడిన మనిషి తెల్లారేసరికి లేకపోవడం ఏంది?

ఇప్పటికీ నా తలకు ఎక్కడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. దొర్నిపాడు పక్కన మా ఊరు. చిన్నప్పటి నుంచి ఇద్దరం ఒక జట్టు. వాని ఒక్కగానొక్క కొడుకు మద్దిలేటి మిలిటరీలో చేరి, బార్డర్‌లో ప్రాణం ఇచ్చాడు.

గవర్నమెంటువాళ్లు మద్దిలేటికి వచ్చిన మెడల్‌ను భార్య చేతికి ఇచ్చారు. రూల్ అదంట.

తర్వాత ఆ కోడలు, సుజాత, నంద్యాలలో ఇంకో పెళ్లి చేసుకుంది. మెడల్ ఆమెతోనే పోయింది. ఓబులేసు ఆరేళ్లు ఆమెతో మాట్లాడలేదు. పెళ్లి తప్పని ఒక్కనాడూ అనలేదు. కొడుకు మెడల్‌ను ఒక్కసారైనా చేత్తో పట్టుకోలేదే అని బాధ. అడగడానికి పౌరుషం.

పోయిన సోమవారం నేనే నంద్యాల పోయాను.

"మెడల్ కోసం వచ్చినానమ్మా. కాఫీ గీఫీ వద్దు."

"తాగితేనే ఇస్తా మామా."

తాగాను. డబ్బీ తెచ్చి చేతిలో పెట్టింది.

"ఎప్పుడు అడుగుతారా అని నేనూ చూస్తాండా. ఆరేండ్లు పట్టింది మీకు" అంది.

అక్కడి నుంచి నేరుగా వాని దగ్గరికి పోవాల్సింది.

పోలేదు.

ఉత్త డబ్బీతో ఇస్తే ఏం గౌరవం అని, నంద్యాలలోనే ఫ్రేము కట్టే షాపులో ఇచ్చాను. టేకు ఫ్రేము. బంగారు రంగు అక్షరాలతో పేరు.

ఆ సంగతి ఓబులేసుకు ఫోన్‌లో చెప్పాను. శుక్రవారం సాయంత్రం వాడే ఫోన్ చేశాడు.

"ఫ్రేము యాలప్పా? నాకేమన్నా పెండ్లి చేస్తాండావా? ఉత్తదే తీస్కరా. ఒకసారి పట్టుకోవాల."

"నోరు మూసుకో. ఆదివారం తెస్తా. డప్పు కొట్టించి ఇస్తా."

"నీ డప్పు పాడుగాను!"

అదే ఆఖరి మాట.

ఈరోజు ఆదివారం.

నిన్న సుజాతకు ఫోన్ చేశాను. షాపు మూసి ఉంటే ఓనరును ఇంట్లోంచి లేపి తెరిపించింది. ఫ్రేము ఒళ్లో పెట్టుకుని బస్సులో నేనుండే ఆళ్లగడ్డకు వచ్చింది. అక్కడి నుంచి ఇద్దరం ఆటోలో ఊరికి పోయాం. వాకిట్లో ఏడ్చేవాళ్లు కూడా ఆమెను చూసి ఆగిపోయారు.

ఫ్రేము వెనక అట్ట నేనే పీకేశాను. మెడల్ తీసి, వాని చొక్కాకు ఎడమ పక్క గుండె మీద పెట్టబోయాను.

సుజాత నా చెయ్యి పట్టుకుంది.

"ఎడమ పక్క మద్దిలేటిది మామా. అయినోళ్లు కుడి పక్క పెట్టుకోవాల. నాకు ఇచ్చిన నాడే చెప్పినారు."

తనే కుడి పక్క పెట్టింది. పిన్నీసు పడక రెండుసార్లు జారింది. అప్పుడు వాని చెయ్యి తీసి మెడల్ మీద పెట్టి, కాసేపు అట్లే పట్టుకుంది.

పాడె ఎత్తే ముందు నేనే తీసి ఆమెకు ఇచ్చాను. ఎవడైనా నోరు తెరుస్తాడేమో అని చుట్టూ చూశాను. ఒక్కడూ తెరవలేదు.

ఓబులేసూ, నా గొప్ప కోసం నాలుగు రోజులు ఆపాను. తప్పు నాదే.

పోయిరా అప్పా. నీ కొడుకు పక్కన నెమ్మదిగా పడుకో.