ఫొటోగ్రాఫరుగారి నియమం

మిలటరీ ఆసుపత్రిలో, గాయపడిన సైనికుల వార్డులో గడ్డాలు గీసే ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా అదే వార్డు, చేతిలో అదే రేకు పెట్టె. కాలిన ముఖానికి గడ్డం గీయడమంటే మాటలు కాదు. తొడ నుంచి తీసి చెంపకి అతికించిన చర్మం మీద వెంట్రుక మొలవదు. అక్కడ గీయడానికేమీ ఉండదు. అయినా బాబాయ్ ఆ చెంపకీ నురుగు పట్టిస్తాడు, బ్లేడు తీసేసిన రేజరుతో పైనుంచి కిందికి నిదానంగా లాగుతాడు, తడిగుడ్డతో తుడుస్తాడు. ఒక్క చెంపకే గీసి లేచిపోతే, నీకు మిగిలింది సగం ముఖమేరా అని చెప్పినట్టవుతుందని ఆయన బాధ. ఈ పద్ధతి ఆయనకి ఎవరూ నేర్పలేదు.

కిటికీ పక్క మంచం డ్రైవరుది. సైన్యంలో లారీ నడిపేవాడు, ఇరవై ఆరేళ్లవాడు. లారీ పేలిపోయిన రోజున ఎడమ చెంప, ఎడమ కన్ను మంటల్లో పోయాయి. మూడు నెలలైనా తన ముఖం తను చూసుకోలేదు. ఆ వార్డులో అద్దాలు పెట్టరు. వేళ్లతో తడుముకోవడమే.

"గురువారం అక్క వస్తోంది బాబాయ్. దాని పక్కన కూర్చుని చూసుకుంటాను. చిన్నప్పుడు నన్ను చంక దించకుండా మోసింది. అది తట్టుకుంటే నేనూ తట్టుకుంటాను. అప్పటిదాకా ఎవరు చూడమన్నా చూడను. అద్దం నువ్వే తేవాలి."

"తెస్తాలేరా. ఆ పూటకి నున్నగా గీసి పెళ్లికొడుకులా కూర్చోబెడతాను."

"ఈ ముఖాన్ని ఎవతె చేసుకుంటుంది బాబాయ్?"

"పారిపోతే నీ నోటికి జడిసి పారిపోతుంది గానీ, ముఖానికి కాదులే, నోర్ముయ్."

సోమవారం సూపరింటెండెంటుగారు స్వయంగా వార్డుకి దయచేశారు. పెద్ద ఫొటోగ్రాఫరు ఒకాయన మర్నాడు వస్తున్నాడట, 'మౌన వీరులు' అని నగరంలో ప్రదర్శన పెడతాడట. మౌన వీరులట! ఒక్కడినైనా నోరు తెరవనిస్తే కదా, వాళ్లు మౌనంగా ఉన్నారో లేదో తెలిసేది! ఆయనగారు తన పని అయ్యేదాకా ఎవరికీ గడ్డాలు గీయొద్దని కబురు కూడా పంపాడు.

"గడ్డం మాసి ఉంటే బాధ బాగా కనపడుతుందట," అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఎవరికి కనపడాలి సార్? ఇక్కడ పడేవాళ్లకి కనపడుతూనే ఉందిగా," అన్నాడు బాబాయ్. సూపరింటెండెంటుగారు వినిపించుకోలేదు. ఆయన ధ్యాసంతా మర్నాడు ఏ చొక్కా వేసుకోవాలా అన్నదాని మీదే ఉంది.

మంగళవారం ఫొటోగ్రాఫరు రానే వచ్చాడు. ఒంటి మీద పద్నాలుగు జేబుల కోటు, మెడలో రెండు కెమెరాలు, నోట్లో తేనె. నిద్రపోతున్న పసిపిల్ల పక్కన మాట్లాడినట్టు గుసగుసగా మాట్లాడతాడు. మొదటి మంచం మనిషి మూడు వారాలు నానా తంటాలు పడి కృత్రిమ కాలితో నడక నేర్చుకున్నాడు. ఫొటో అనగానే సరదాపడి, ఇస్త్రీ ప్యాంటు తొడుక్కుని ఠీవిగా లేచి నిలబడ్డాడు. "అబ్బే, ఇలా అయితే గాయం కనపడదు కదండీ," అని ఫొటోగ్రాఫరు ఆ కాలు తీయించి, మంచం మీద కూలేసి, అప్పుడు తీశాడు. ఎంత జాలిగుండో చూడండి!

పైగా నీతులొకటి. "నాకొక నియమం ఉందండీ. తీసిన ఫొటో వాళ్లకి చూపిస్తాను. చూసి, ఒప్పుకుని, సంతకం పెడితేనే వాడతాను. చూపించకుండా వాడుకోవడం నా దృష్టిలో దొంగతనం." సూపరింటెండెంటుగారు గంగిరెద్దులా తలూపారు. ఈ ఒక్క మాటా బాగానే ఉందే అని బాబాయ్ కూడా అనుకున్నాడు. ఆ మాట డ్రైవరు దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో ఆయనకి తట్టలేదు. తట్టనందుకు ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటాడు.

గీయొద్దన్న హుకుం బాబాయ్ చెవిన వేసుకోలేదు. పొద్దున్నే డ్రైవరుకి రెండు చెంపలూ గీసి, తుడిచి, పక్క మంచం ఆయన కోసం బ్రష్షుతో నురుగు తీస్తున్నాడు. అటు తిరిగి ఉండగానే వెనకాల కెమెరా చప్పుడైంది. ఫొటోగ్రాఫరు ఎడమవైపు నుంచి, ముఖం మీదకి వంగి తీసి, కెమెరా వెనక తెర తిప్పి డ్రైవరు ముందు పెట్టాడు. ఏం చూపిస్తున్నదీ ముందుగా చెప్పనైనా లేదు.

"చూడండి. ఇది మీ హక్కు."

తెరనిండా ఎడమ చెంప ఒక్కటే ఉంది. డ్రైవరు ఒంటికన్నుతో దాన్ని పరీక్షగా చూశాడు.

"అయ్యో, పాపం," అన్నాడు. "ఎవరు సార్ ఈయన? మా వార్డేనా?"

బాబాయ్ గిరుక్కున తిరిగాడు. ఆయన నోరు తెరిచేలోపే ఫొటోగ్రాఫరు మెత్తగా, "మీరేనండీ," అన్నాడు. డ్రైవరు చెయ్యి చెంప మీదకి పోయి అక్కడే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు ఆ పెద్దమనిషి రెండో కెమెరా ఎత్తి టకటకా నాలుగు తీశాడు.

బాబాయ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోని బ్రష్షు ఎత్తి, ఆ కెమెరా కంటినిండా నురుగు మెత్తేశాడు.

"ఏయ్! దీని ఖరీదెంతో తెలుసా?" అని అరిచాడు ఫొటోగ్రాఫరు. ఆ గుసగుస గొంతులో అంత అరుపు ఉందని అప్పుడే తెలిసింది.

"తెలీదు. మూడు నెలలు ఆ పిల్లాడి కంట పడకుండా దాచినదాన్ని తెచ్చి కళ్లెదుట పడేశారు, దాని ఖరీదెంతో మీకు తెలుసా? చూపించనా అని ముందొక మాట అడిగారా? తలుపు కొట్టకుండా ఇంట్లో దూరి నేను దొంగని కాదంటే సరిపోయిందా!"

ఫొటోగ్రాఫరు సంతకం కాగితం మడిచి ఓ జేబులో కుక్కుకుని, లెన్సు తుడుచుకుంటూ బయటికి నడిచాడు. రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదన్నారు సూపరింటెండెంటుగారు. "ఇవాళ్టివి ఇంకా ఆరు గడ్డాలున్నాయి, అవి కానివ్వండి," అన్నాడు బాబాయ్.

డ్రైవరు గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజం మీద చెయ్యేస్తే విదిలించుకున్నాడు.

"బాబాయ్, అక్కకి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

"నువ్వే చెప్పరా."

"నావల్ల కాదు. నువ్వు చెప్పు."

బాబాయ్ చేతులు తుడుచుకుని, మెట్ల దగ్గరికి పోయి ఫోను కలిపాడు. అవతల ఆమె హలో అంది.

"అమ్మా, నేను వార్డులో బాబాయ్‌ని. మీ తమ్ముడు మిమ్మల్ని రావద్దని చెప్పమన్నాడు. చెప్పాను. ఇక నా మాట వినండి. గురువారం దాకా ఆగొద్దు తల్లీ, ఉన్నపళంగా ఇవాళే బస్సెక్కండి."